చిన్న వయసులోనే కోట్లొచ్చాయి, ఏ పని మీదా మనసు పోవడం లేదు. ఇది రోగమా, కొవ్వా?

ప్రశ్న అడిగిన తమ్ముడికి ఇరవై ఏడేళ్ళు. బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో మొదట్లోనే చేరాడు. జీతంతో పాటు షేర్లు ఇచ్చారు. ఆ కంపెనీని పెద్దోళ్ళు కొనేస్తే పన్నులు పోను కొన్ని కోట్లు మిగిలాయి. ఉద్యోగం మానేసి అనంతపురం వచ్చేశాడు. ఇప్పుడు పొద్దున పదకొండుకు లేస్తున్నాడు, ఏదీ మొదలుపెట్టబుద్ధి కావడం లేదు, స్నేహితులు దూరమయ్యారు, ఎవరికన్నా చెప్తే నవ్వుతారని భయం.

కొవ్వయితే కాదు. రోగం సంగతి కింద రాస్తా. నీకంటే కొన్నేళ్ళు పెద్దోణ్ణి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు.

నవ్వుతారన్న నీ భయం ఉత్తది కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది, ఆ సగటు కూడా చాలా ఏళ్ళు కాగితం మీదే ఉంటుంది. శెనక్కాయ వేసి, మొగులు దిక్కు చూసి చూసి, చివరికి విత్తనాల అప్పు తీర్చను బెంగళూరుకు పనికి పోయిన ఇళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. అట్లాంటి చోట 'డబ్బొచ్చినాక దిగులుగా ఉంది' అంటే వినేవాడికి ముందు తన బోరు అప్పు గుర్తొస్తుంది. అందులో వాళ్ళ తప్పేం లేదు. నాతో చెప్పుకోవచ్చు, నేనూ ఆ దారిన పోయినోణ్ణే.

మాది పెనుకొండ దిక్కు. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరినాక, 44వ నంబరు హైవే పక్కన నేలల ధరలు ఎట్లా లేచాయో నీకూ తెలిసే ఉంటుంది. మా చేను శెనక్కాయ, కంది తప్ప ఇంకో పంట ఎరగదు. రోడ్డుకు ఆనుకుని ఉండడం ఒక్కటే దాని గొప్ప. బయటోళ్ళు వచ్చి కొన్నారు. నాకు డిగ్రీ అయిపోయి ఎన్నాళ్ళో కాలేదు. మా జేజి, అంటే నాయనమ్మ, తన భాగం నా పేరున రాసింది కాబట్టి నా వాటా నేరుగా నా ఖాతాలోనే పడింది.

అదే డబ్బు మా నాయనకూ వచ్చింది. ఆయన చూస్తుండగానే తేలికపడినాడు. ఎండిపోయిన బోర్లకు చేసిన అప్పు, సొసైటీ లోను, అక్క పెళ్ళికి వడ్డీకి తెచ్చింది, అన్నీ తీర్చి ఇల్లు కట్టి గోరంట్ల దగ్గర మళ్ళీ నేల కొన్నాడు. ఆయన డబ్బు ఎక్కడికి పోవాలో అది రాకముందే, ఏళ్ళ కిందటే, రాసిపెట్టి ఉంది. నా డబ్బు పోవాల్సిన చోటంటూ ఏదీ లేదు. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు కూడా ఇదే చూశా. కక్కలపల్లి మార్కెట్లో ఒక్క సీజన్‌లోనే లక్షలు చూసిన రైతులు దిగులుపడగా నేను చూడలేదు. వాళ్ళకు తీర్చాల్సినవి వరసలో నిలబడి ఉన్నాయి. దిగులు పట్టేది, ఏమీ బాకీ లేని నీలాంటోళ్ళకూ నాలాంటోళ్ళకూ.

స్నేహితుల సంగతి అడిగావు. నాకు జరిగింది చెప్తా, నీకూ ఇంచుమించు ఇట్లనే జరుగుతుంటుంది. టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని బజ్జీ తినడానికి చేరినప్పుడు బిల్లు నేను కట్టబోతే ఒకడు ముఖం తిప్పుకునేవాడు, కట్టకపోతే ఇంకొకడు 'ఇంత పెట్టుకుని కూడా' అని నవ్వేవాడు. ఈఎంఐల గురించి మాట్లాడుకుంటూ నన్ను చూడగానే మాట మార్చేవాళ్ళు. వాళ్ళు అప్పులు దాచేవాళ్ళు, నేను ఖర్చులు దాచేవాణ్ణి. ఇద్దరూ దాచుకుంటే ఇంక మాట్లాడుకునేదానికి క్రికెట్టు, రాజకీయాలే మిగులుతాయి. దూరపు చుట్టాలైతే నేరుగా అడిగేవాళ్ళు, నాకు అదే నయమనిపించేది. పెళ్ళిళ్ళ పేరయ్యలు జాతకం కంటే ముందు సర్వే నంబర్లు అడిగిన రోజులు కూడా ఉన్నాయిలే.

ఒక స్నేహితుణ్ణి మాత్రం నేను తిరిగి దక్కించుకున్నా. ఎట్లా అంటే, సాయం అడిగి. చేతిలో డబ్బుంటే మనం ఎవరినీ ఏమీ అడగం. ఆటో కావాలంటే ఫోన్, సామాన్లు మోయాలంటే కూలీ, ఒళ్ళు బాగాలేకపోతే డ్రైవరు. మనకు తెలియకుండానే అవతలివాడికి మనతో పని లేకుండా చేస్తాం. జేజిని బత్తలపల్లిలో ఆర్డీటీ అనే సేవా సంస్థ నడిపే ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చినప్పుడు డ్రైవరును పిలవకుండా వాణ్ణి పిలిచా. అర్ధరాత్రి బండేసుకుని వచ్చినాడు, తెల్లారేదాకా వార్డు బయట నాతోనే కూర్చున్నాడు, పొద్దున టీ డబ్బులు వాడే ఇచ్చినాడు. ఆ తర్వాత వాడు నా ముందర ఈఎంఐ మాట దాచలేదు.

ఇంక పని మీద మనసు పోకపోవడం గురించి. నేను తర్వాత సోషియాలజీ చదివినప్పుడు ఆస్ట్రియాలోని ఒక ఊరి కథ తగిలింది. వియన్నాకు దగ్గర్లో మరియెంతాల్ అనే మిల్లు ఊరు. 1929, 30ల్లో ఆ మిల్లు మూతపడి ఊరు ఊరంతా పని పోగొట్టుకుంది. మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు అక్కడికి పోయి, చూసిందంతా 1933లో పుస్తకంగా వేశారు. పొద్దంతా ఖాళీయే కాబట్టి జనం బాగా చదువుకుంటారని ఎవరైనా అనుకుంటారు. అయితే లైబ్రరీ నుంచి తీసుకుపోయే పుస్తకాలు తగ్గిపోయాయి. మగవాళ్ళు వీధిలో నడిచే నడకే నెమ్మదించింది, నాలుగడుగులకోసారి ఆగేవాళ్ళు. పొద్దున్నుంచి ఏం చేశావంటే చెప్పలేకపోయేవాళ్ళు. ఆడవాళ్ళకు ఇంటి చాకిరీ ఉంది కాబట్టి వాళ్ళ పొద్దు మాత్రం అంతగా చెదరలేదు.

వాళ్ళకు తిండికే కష్టం, నీకూ నాకూ ఆ కష్టం లేదు. వాళ్ళ ఆకలితో మన దిగులును పోల్చడం లేదు. కానీ ఆ నడక చదివినప్పుడు నాకు తెలిసిపోయింది, అది నేను మా వీధిలో నడిచిన నడకే. జీతం కాకుండా పని ఇంకేమేం ఇస్తుందో యహోదా తర్వాత విడమర్చి చెప్పింది. పొద్దుకు ఒక హద్దు, ఇంటి బయట మనుషులు, పదిమందితో కలిసి చేసే పనిలో ఒక వంతు, నలుగురిలో ఒక చోటు, చేతికి ఏదో ఒక పని. డబ్బొచ్చి నువ్వు ఉద్యోగం వదిలినప్పుడు జీతంతో పాటు ఈ ఐదూ ఒకేసారి పోయాయి. జీతానికి బదులు దొరికింది. మిగతావాటికి ఏమీ దొరకలేదు.

డబ్బు వల్లనే మనశ్శాంతి పోయిందని మన పెద్దోళ్ళు అంటారు. ఆ మాట నాకు నచ్చదు. లాటరీ గెలిచినోళ్ళకు సంతోషం పెరగదని అందరూ చెప్పుకునే 1978 నాటి అధ్యయనంలో గెలిచినోళ్ళు 22 మందే. స్వీడన్‌లో ఎంతోమంది లాటరీ విజేతలను చూసి 2020లో వేసిన పరిశోధనలో, పెద్ద మొత్తం గెలిచినోళ్ళు ఏళ్ళ తర్వాత కూడా తమ జీవితం మీద ఎక్కువ తృప్తితోనే ఉన్నారని తేలింది. కాబట్టి డబ్బును తిట్టుకోవద్దు, పారబోసుకోవాలని అంతకన్నా అనుకోవద్దు.

నేను చేసింది ఇది. అనంతపురం మార్కెట్ యార్డులో ఒక చీనీ (బత్తాయి) మండీలో గుమాస్తాగా చేరా. జీతం పన్నెండు వేలు. యజమాని మా మామకు తెలిసినాయన, నా డబ్బు సంగతి ఆయనకు బాగా తెలుసు. 'నీకెందుకబ్బా ఈ పని?' అని ఒక్కసారి అడిగినాడు. ఇంట్లో పొద్దు పోవడం లేదన్నా. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు, ఆలస్యమైతే అందరికీ పడ్డట్టే నాకూ తిట్లు పడ్డాయి. హమాలీలు మాత్రం వదిలిపెట్టలేదు. 'ఓ కోటీశ్వరుడా, టీ పట్టుకురాపో' అనేవాళ్ళు. తెచ్చేవాణ్ణి. మా ఇంట్లో, మా వీధిలో ఎవరూ నోరు విప్పి అనలేని మాటను వాళ్ళు రోజూ అరిచి నవ్వేసేవాళ్ళు. నాకు దానివల్ల జరిగిన మేలు అంతా ఇంతా కాదు.

పని ఏమంటే, నార్పల, గార్లదిన్నె, పుట్లూరు, తాడిమర్రి దిక్కు నుంచి రైతులు కాయ తెస్తారు. యార్డులో కుప్పలు పోస్తారు. వేలం ఒక కుప్ప నుంచి ఇంకో కుప్పకు పోతుంటే గుమాస్తా వెనకనే నడుస్తూ టన్నుకు ఎంత పలికిందో రాసుకోవాలి. తర్వాత కాటా, కమీషను, హమాలీ అన్నీ వేసి తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, చెయ్యాలి. తక్‌పట్టీ చేతికి వస్తే గాని రైతు ఊరికి పోడు. తాడిమర్రి పెద్దాయన మధ్యాహ్నం బస్సు అందుకోవాలంటే నేను ఒంటిగంటలోపు లెక్క తేల్చాలి. ఆయన బల్ల ముందర నిలబడి నా పెన్ను దిక్కే చూస్తుంటాడు. నేను తప్పు కూడితే ఆయన నోట్లో లెక్క నా కాగితం కంటే ముందు తేలుతుంది. నా ఖాతాలో ఎంతుందో ఆయనకు తెలీదు, తెలిసినా ఆ పూట ఆయనకు దానితో పనిలేదు.

పొద్దున లేవను అలారం కావాలంటారు గాని, మనకోసం బల్ల ముందర ఒక మనిషి నిలబడి ఉంటాడని తెలిస్తే చాలు. నేను లేవడం మొదలుపెట్టింది అట్లనే. 'ప్యాషన్' వెతుక్కోమని నీకు పదిమంది చెప్పి ఉంటారు. దాన్ని తర్వాత వెతుక్కోవచ్చు. ముందు నువ్వు రాకపోతే ఎవరికో ఒకరికి ఆ పూట ఇబ్బంది కావాలి, అట్లాంటి చోటు చూసుకో.

సొంతంగా కంపెనీ పెట్టాలా అని కూడా అడిగావు. ఏడాది దాకా వద్దు. యజమానివైతే రేపు పోకపోయినా అడిగేవాడుండడు, ఇప్పుడు నీకు కావాల్సింది అడిగేవాడు. నువ్వు సాఫ్ట్‌వేర్ మనిషివి, మన దిక్కు ఇంజినీరింగ్ కాలేజీలో ఒక సెమిస్టరు పాఠం చెప్పు. వారానికి రెండు క్లాసులైనా సరే, హాజరు పట్టీలో నీ సంతకం ఉండాలి. 'మా పిల్లలకు మోటివేషన్ స్పీచ్ ఇవ్వండి సార్' అని పిలుస్తారు. పోవద్దు. ఒక గంట చప్పట్లు కొట్టించుకుని ఇంటికొస్తే ఆ రాత్రి ఇంకా పెద్దదవుతుంది. విరాళం ఇవ్వాలనిపిస్తే ఇవ్వు. 1969 నుంచి ఈ జిల్లాలో పనిచేస్తున్న ఆర్డీటీ లాంటి సంస్థలున్నాయి. అయితే చెక్కు రాయడానికి పట్టేది ఐదు నిమిషాలు, దానితో నీ మంగళవారం నిండదు.

డబ్బు గురించి ఎక్కువ రాయను. అంతా ఒక్క బ్యాంకులో పెట్టుకోవద్దు, ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి డిపాజిట్ బీమా ఉండేది 5 లక్షల దాకానే. షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సర్కారు సంస్థ సెబీలో నమోదై, కమీషను కాకుండా ఫీజు మాత్రమే తీసుకునే సలహాదారును పెట్టుకో. చేబదుళ్ళకు ఏడాదికి ఇంత అని ముందే పక్కన పెట్టు. అడిగినవాడికి అందులోంచి ఇచ్చేసి తిరిగి రాదనే అనుకో. అది అయిపోతే మిగతాదంతా డిపాజిట్లో ఉందని చెప్పు. నేను అట్లనే చెప్తా, అబద్ధం కూడా కాదు.

రోగం మాట. నిద్ర, ఆకలి చెడి, ముందు ఇష్టమైనవేవీ ఇప్పుడు ఇష్టం లేక రెండు వారాలు దాటితే అది కుంగుబాటు కావచ్చు. దానికి మండీలో ఉద్యోగం మందు కాదు. సైకియాట్రీ డాక్టరును కలువు. 14416కు ఫోన్ చేస్తే టెలీమానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేం అడగరు. చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే చెయ్యి.

ఇంట్లో చెప్పాలా వద్దా అన్నావు. చెప్పు, అమ్మతో మొదలుపెట్టు. నాయనకు చెప్పేటప్పుడు డబ్బు పేరెత్తకుండా, రాత్రి నిద్ర పట్టడం లేదు, పొద్దున లేవబుద్ధి కావడం లేదు అని మాత్రం చెప్పు. డబ్బు పేరెత్తితే మాట ప్లాట్ల మీదికో, నీ పెళ్ళి మీదికో పోతుంది. ఇంక ఆ పూటకు నీ సంగతి ఎవరూ వినరు.