టీకా వికటిస్తే పరిహారం ఎవరివ్వాలి?

ప్రశ్న: మా బాబుకు పద్నాలుగు వారాలప్పుడు పెరంబూరులోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో టీకాలు వేయించాము. ఆ రాత్రే జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచాము. ఇప్పుడు బాగానే ఉన్నాడు గాని ఖర్చు లక్ష దాటింది. క్లినిక్‌లో అడిగితే "ఇదంతా మామూలేనమ్మా" అని పంపించేశారు. అమెరికాలో ఉన్న మా మరిది, అక్కడైతే ప్రభుత్వమే డబ్బు చెల్లిస్తుందంటున్నాడు. ఇక్కడ అలాంటి ఏర్పాటు ఉందా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, మీ మరిదిగారు చెప్పింది నిజమే గాని, సగమే చెప్పారు. 1980లలో కోరింతదగ్గు టీకాపై అక్కడ దావాలు పెరిగి, తయారీ సంస్థలు ఒక్కొక్కటిగా తప్పుకోవడంతో, 1986లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. 1988లో మొదలైన ఆ పథకంలో ఎవరి తప్పూ రుజువు చేయనక్కరలేదు. సొమ్ము టీకాలపై వేసే పన్ను నుంచి వస్తుంది: డోసు నివారించే ఒక్కో వ్యాధికి 75 సెంట్లు, అంటే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడూ కలిసిన టీకాకు 2 డాలర్ల 25 సెంట్లు. అయితే హాని ఆరు నెలలకు మించి ఉండాలి, లేదా ఆసుపత్రిలో చేరి శస్త్రచికిత్స దాకా వెళ్లి ఉండాలి, లేదా మరణం సంభవించి ఉండాలి. బాబు కోలుకున్నాడు కనుక, అక్కడున్నా మీ దరఖాస్తు నిలిచేది కాదు.

పిల్లల టీకాల వల్ల కలిగే హానికి అలాంటి ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. కోవిడ్ టీకాల తర్వాత మరణించిన ఇద్దరు యువతుల తల్లిదండ్రులు వేసిన కేసులో, ప్రభుత్వానికి బాధ్యత లేదని, కావాలంటే సివిల్ కోర్టుకు వెళ్లవచ్చని 2022 నవంబరులో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. స్వచ్ఛందంగా టీకా ప్రయోగాల్లో పాల్గొన్నవారి సంగతి వేరు. ప్రయోగం వల్ల హాని కలిగితే పరిహారం ఇవ్వాలని కొత్త మందులు, వాటి ప్రయోగాలపై 2019లో వచ్చిన నియమాలే చెబుతున్నాయి.

మీరు డబ్బు చెల్లించి వేయించారు కనుక, రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా వేయించి ఉంటే ఆ దారి కూడా ఉండేది కాదు. కానీ కమిషన్ ముందు క్లినిక్ నిర్లక్ష్యం గాని, టీకాలో లోపం గాని చూపించాలి. గడువు తీరిన మందు, తప్పు మోతాదు వంటివి లేకుండా జ్వరం, ఫిట్స్ మాత్రమే చూపి గెలవడం కష్టమని నా అభిప్రాయం. ఉన్న ఖర్చుకు వకీలు ఫీజు తోడవుతుంది.

అయినా "మామూలే" అన్న మాటతో మీరు సరిపెట్టుకోకూడదు. టీకా తర్వాత ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, కారణం టీకాయే అని తేలకపోయినా, దానిని తీవ్రమైన ప్రతికూల ఘటనగా నివేదించాలి. మీ వార్డు పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యాధికారికి రాసివ్వండి (తమిళంలో రాయడం రాకపోతే ఇంగ్లీషులో ఇవ్వవచ్చు), ఒక నకలుపై ముద్ర వేయించుకోండి. టీకా మందులో, దాని నాణ్యతలో, వేసిన పద్ధతిలో దోషముందా, లేక అది కాకతాళీయమా అన్నది విచారించడానికి నిపుణుల కమిటీలు ఉన్నాయి. ఆ విచారణ డబ్బు ఇప్పించదు గాని, దోషం ఉందని తేలితే మీ ఫిర్యాదుకు అదే ఆధారమవుతుంది.

ఈలోగా బాబు టీకా పుస్తకం తెరిచి చూడండి. ప్రైవేటు క్లినిక్‌లలో మందు సీసా మీది చిన్న స్టిక్కరు ఊడదీసి ఆ తేదీ పక్కన అంటిస్తుంటారు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ దాని మీదే ఉంటాయి. లేకపోతే క్లినిక్ రిజిస్టరు చూసి రాసిమ్మని అడగండి. డిశ్చార్జి సమ్మరీలో సూది వేసిన గంట, మొదటి ఫిట్స్ వచ్చిన గంట రెండూ ఉన్నాయో లేదో చూసుకుని, తర్వాతి టీకాకు వెళ్లేముందు ఆ కాగితాన్ని పిల్లల వైద్యునికి చూపించండి.