ఇనుప గ్రిల్ ఉన్న ఇంటికి డోర్ సెన్సార్ పెట్టాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: నిజాంపేటలో ఫ్లాట్, సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్తున్నారు, మెయిన్ డోర్‌కీ బాల్కనీ స్లైడింగ్ కిటికీకీ, తెరిస్తే ఫోన్‌కి కబురు పంపే రెండు వైఫై సెన్సార్లు కొన్నారు. ఒకటి ఫోన్‌కి కనెక్టే కావట్లేదు. రెండోది బయటి ఇనుప గ్రిల్‌కి బిగిస్తే, మూసి ఉన్నా ‘ఓపెన్’ అనే చూపిస్తోంది. ఈ రెండూ నేను పడ్డ పాట్లే. మాది మల్కాజ్‌గిరిలో పాత ఇండిపెండెంట్ ఇల్లు, మూడేళ్లుగా వాడుతున్నాను.

కనెక్షన్ సంగతి చిన్నది, ముందు తేల్చేద్దాం. వైఫై సెన్సార్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండ్ మీదే నడుస్తాయి. రౌటర్ ఏమో 2.4, 5 రెండింటినీ ఒకే పేరుతో చూపిస్తుంది, ఫోన్ పోయి 5కి అతుక్కుంటుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో ఓ పది నిమిషాలు 5ని ఆపేయండి. ఫోన్‌లో లొకేషన్, బ్లూటూత్ ఆన్ చేయండి. బ్యాటరీ దగ్గర సన్నని ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది, లాగేశారా? నవ్వకండి, నేను అరగంట సేపు రీసెట్ బటన్ నొక్కుతూ కూర్చుంటే, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి వచ్చి దాన్ని లాగింది. పట్టీ తీశాక, లైటు గబగబా మెరిసేదాకా బటన్ నొక్కి పట్టుకోండి. ఇదంతా రౌటర్ పక్కన కూర్చుని చేసుకోండి, స్టూలెక్కి తలుపు దగ్గర కాదు.

అసలు తలనొప్పి గ్రిల్‌తోనే.

సెన్సార్‌లో రెండు ముక్కలుంటాయి కదా. చిన్నది ఉత్త అయస్కాంతం. పెద్దదాంట్లో మామూలుగా రీడ్ స్విచ్ అని సన్నని గాజు గొట్టం, అందులో రెండు పల్చని లోహపు రేకులు. అయస్కాంతం దగ్గరికొస్తే రేకులు అంటుకుంటాయి, దూరం జరిగితే విడిపోతాయి. 1936లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టిన స్విచ్చి ఇది. పైన యాప్, క్లౌడ్ అంటూ ఎన్ని హంగులున్నా లోపల పని చేసేది అదే. దాన్ని తీసుకెళ్లి ఇనుము మీద అతికిస్తే అయస్కాంత బలాన్ని ఇనుమే తనవైపు లాగేసుకుంటుంది, గాజు గొట్టం దాకా చాలినంత చేరదు.

ఎంత దూరం దాకా పనిచేస్తుందో కొలుద్దామని నేను మొదట రూపాయి బిళ్ళలు పేర్చాను. అవి వెళ్లి అయస్కాంతానికి టపీమని అతుక్కున్నాయి. ఇప్పటి రూపాయి బిళ్ళ స్టీలుదని అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత పేకముక్కలు తీసుకున్నాను. సెన్సార్ రెండు ముక్కల మీదా ఉన్న గీతలు ఎదురెదురుగా వచ్చేలా పట్టుకుని, మధ్యలో ఒక్కో పేకముక్కా పెంచుకుంటూ పోయాను. చెక్క తలుపు దగ్గర దాదాపు కట్టంతా పెట్టినా ‘క్లోజ్డ్’ అనే చూపించింది. గ్రిల్ మీద మూడోవంతు కట్టకే చేతులెత్తేసింది. గ్రిల్ తలుపుకీ ఫ్రేముకీ మధ్య సందు మామూలుగానే ఎక్కువ, ఇక అది మూసినట్టు ఎప్పటికి తెలుస్తుంది?

పాత హవాయి చెప్పు అరికాలు కోసి, రెండు ముక్కల కిందా రబ్బరు బిళ్ళలు పెట్టాను. ఇనుముకి కాస్త ఎడంగా లేచేసరికి పనిచేసింది. కానీ మొదటి వానకే తడిసి చచ్చింది. నా మాట వినండి, గ్రిల్‌ని వదిలేసి లోపలి చెక్క తలుపుకి లోపలివైపు పెట్టండి. ఇంట్లోకి రావాలంటే ఎవడైనా అది తీయాల్సిందే.

పెద్ద ముక్క దర్వాజకి, చిన్నది తలుపు రెక్కకి. తలుపు దభాలున వేసినప్పుడల్లా బ్యాటరీ ఉన్న ముక్కకి దెబ్బ తగలకూడదు. మడతబందులకి ఎదుటివైపు, పైమూల మంచి చోటు, తలుపు కాస్త తెరిచినా అక్కడ ఎక్కువ కదులుతుంది. కిందివైపు మాత్రం వద్దు, శుక్రవారం గడప కడిగితే నీళ్లు సెన్సార్ మీదే పడతాయి. రెండు ముక్కల మధ్య సందు, సెన్సార్ పనిచేసే దూరం అంచుదాకా ఉంచకండి. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపు పూర్తిగా పడదు. పోయిన జూలైలో మా అమ్మ తలుపు దగ్గరగా లాగి పడుకుంటే రాత్రంతా నా ఫోన్ మోగుతూనే ఉంది.

ఇక స్లైడింగ్ కిటికీ. యూపీవీసీ అంటే ప్లాస్టిక్ అనుకుంటాం గానీ లోపల బలం కోసం స్టీలు దూర్చి ఉంటారు, కాబట్టి ముందు మామూలు టేపుతో నిలబెట్టి చూసుకోండి. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: రెండు రెక్కలూ జరిగే కిటికీ అయితే, మీరు ఒకదానికి సెన్సార్ పెడితే దొంగ రెండోది జరుపుతాడు. రెండో రెక్క కదలకుండా పట్టాలో కర్రముక్క కోసి పడేయండి, ఇంకో సెన్సార్ కొనక్కర్లేదు.

పడమటి కిటికీ అయితే టేపుని నమ్మకండి. మే నెలలో మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ‘కిటికీ తెరుచుకుంది’ అని వచ్చింది. మెట్రో కోసం కూడా ఆగకుండా ఆటోలో ఇంటికి పరిగెత్తాను. చూస్తే అయస్కాంతం ఎండకి జారి గోద్రెజ్ బీరువా పక్కన నేల మీద పడి ఉంది. ఇప్పుడు స్పిరిట్‌తో తుడిచి, ఆరాక, నిమిషం గట్టిగా అదిమి పెడుతున్నాను. చెక్క మీదైతే చిన్న స్క్రూలే.

బ్యాటరీ గురించి ఒక్క మాట. పాలు, పూలు, కూరగాయల బండి అంటూ మా తలుపు రోజుకి ముప్పైసార్లు తెరుచుకుంటుంది. వైఫై సెన్సార్ బ్యాటరీ నాలుగు నెలలకే అయిపోయింది, ఎందుకంటే తెరిచిన ప్రతిసారీ అది నిద్రలేచి రౌటర్‌ని పట్టుకోవాలి. తర్వాత జిగ్‌బీకి మారాను, అంటే వైఫై కంటే తక్కువ బ్యాటరీ తాగే ఇంకో రకం వైర్‌లెస్ సెన్సార్లకి. వాటిని ఇంటర్నెట్‌కి కలిపే హబ్ అనే డబ్బా కొనాల్సొచ్చింది గానీ బటన్ సెల్ ఏడాది దాటినా నడుస్తోంది. మీకు రెండే సెన్సార్లు కాబట్టి ఇప్పుడే మారక్కర్లేదు, ఊరెళ్లే ముందు కొత్త బ్యాటరీ వేసుకుంటే చాలు. కరెంటు పోతే రౌటర్ పోతుంది, రౌటర్ పోతే మీకు కబురు రాదు. చిన్న రౌటర్ యూపీఎస్ ఒకటి తప్పదు.

సెన్సార్‌కి తెలియనివి కూడా తెలుసుకోండి. తలుపు మూసి ఉందని చెప్తుంది గానీ గడియ పెట్టారో లేదో చెప్పదు. అద్దం పగలగొట్టి చెయ్యి లోపలికి పెట్టినా రెక్క కదలనంతవరకు దానికి పట్టదు. ఫోన్‌కి కబురొచ్చాక ఎవరు వెళ్తారన్నది మీరు ఇప్పుడే తేల్చుకోవాలి. మేం తాళంచెవి ఒకటి పక్కింటి పిన్నిగారికి ఇచ్చి వెళ్తాం. ఏదైనా తేడాగా ఉంటే లోపలికి వెళ్లొద్దు, బయటి నుంచే 100కి చేయమని చెప్పాం.

నిరుడు భోగి పొద్దున ఖమ్మం దగ్గర మా ఊళ్లో మంట ముందు నిలబడి ఉండగా అయిదున్నరకి ‘మెయిన్ డోర్ ఓపెన్’ అని వచ్చింది. గుండె గుభేలుమంది. పిన్నిగారికి ఫోన్ చేస్తే తాపీగా, ‘నేనే బాబూ, పండగపూట మీ వాకిట్లో ముగ్గు లేకపోతే ఇల్లు ఖాళీ అని వీధంతా తెలిసిపోదూ? ముగ్గు డబ్బా కోసం తీశా’ అన్నారు. ఆరింటికి ‘క్లోజ్డ్’ అని వచ్చింది, వెనకాలే వాట్సాప్‌లో ముగ్గు ఫోటో.