సర్వైవల్ క్యాంపు కోసం ఎఫ్‌డీ తీసేయొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం టౌను. నాకు 41 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. మా ఆవిడ టీచరు. ఇద్దరి జీతం కలిపి నెలకు 62 వేలు. పిల్లలకు 13, 9 ఏళ్లు. సొంతూరు వజ్రపుకొత్తూరు వైపు. తిత్లీ తుఫానులో నాన్నగారి 60 సెంట్ల కొబ్బరితోట పోయింది. అప్పటి నుంచి, ఎలాంటి పరిస్థితి వచ్చినా నెగ్గుకురావడం పిల్లలకు నేర్పాలని ఉంది. ఉత్తరాఖండ్ అడవుల్లో ఏడు రోజుల ఫ్యామిలీ క్యాంపు ఉంది. ప్రయాణంతో కలిపి 1.6 లక్షలు, సామాన్లకు ఇంకో 45 వేలు. మార్చిలో మెచ్యూరయ్యే 2.2 లక్షల ఎఫ్‌డీ ఉంది. బంగారం మీద 1.5 లక్షల లోను ఉంది. ఫీజులు, ఖర్చులు, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే 6 వేల సిప్ పోను నెలకు 10 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీ తీసి వెళ్లొచ్చా?

జవాబు: ఆ ఎఫ్‌డీతో మాత్రం వద్దండీ. నేర్చుకోవాలన్న మీ కోరిక మంచిదే. నాకు నచ్చనిది డబ్బు తెచ్చే చోటు.

మీరిచ్చిన లెక్కే చూద్దాం. 2.2 లక్షల్లో 2.05 లక్షలు పోతే 15 వేలు మిగులుతాయి. సిప్ ఆపేసినా మీ ఇల్లు నడవడానికి నెలకు 46 వేలు కావాలి. అంటే చేతిలో ఉండేది పది రోజుల ఖర్చు. మీది ప్రైవేటు ఉద్యోగం, బంగారం ఇప్పటికే బ్యాంకులో ఉంది. ఆరు నెలల ఖర్చుకు 2.76 లక్షలు ఉండాలి కాబట్టి మీ ఎఫ్‌డీకి ఇంకా 56 వేలు తక్కువే. ముందు ఆరు నెలలు ఆ 10 వేలు అందులోకే వెళ్లాలి. ఆ తర్వాత బంగారం విడిపించుకోండి. తొమ్మిదిన్నర శాతం వడ్డీ అనుకున్నా నెలకు దాదాపు 1,200 ఊరికే పోతున్నాయి.

నా సంగతి ఒకటి చెప్తాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మేం విజయనగరంలో ఉన్నాం. ఊరందరికీ డబ్బు జాగ్రత్తలు చెప్పే నా పర్సులో రెండు కార్డులు, 140 రూపాయలు. కరెంటు లేదు, ఏటీఎంలు లేవు. వీధి చివర కిరాణా కొట్టాయన క్యాలెండరు కాగితం వెనక నా పేరు రాసుకుని కొవ్వొత్తులు, పాలపొడి అరువిచ్చాడు. ఆ రోజు నుంచి మా బీరువాలో 8 వేలు, అన్నీ వంద, యాభై నోట్లు, ఒక కవరులో ఉంటాయి. మీరూ పెట్టండి. యూపీఐ వచ్చాక ఇది మరీ అవసరం.

ఇక నేర్చుకోవడం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత వారం రోజులు మీ నాన్నగారు ఏం చేశారో కూర్చుని అడిగారా? మోటరు తిరగకపోతే నీళ్లెలా తోడారు, తడిసిన కట్టెలతో పొయ్యి ఎలా రాజేశారు, దారికి అడ్డంపడిన చెట్లు ఎవరెవరు కలిసి కోశారు? ఉత్తరాఖండ్ గురువుకి మంచు తెలుస్తుంది, మీ ఊరున్న ఉద్దానం తీరపు గాలి తెలియదు. సంక్రాంతి సెలవుల్లో ఊరెళ్లి రెండు రోజులు మెయిన్ ఆఫ్ చేయండి. పెద్దవాడో పెద్దమ్మాయో రంపం పట్టాలి, చిన్నవాళ్లు కొబ్బరిపీచుతో నిప్పు రాజేయాలి. తాగే నీళ్లు తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం అలాగే మరగనివ్వాలి. మొదటి రాత్రి ఫోన్ల కోసం గొడవ తప్పదు, కానివ్వండి.

అడవే కావాలంటే సీతంపేట కొండలున్నాయి. తెలిసినవాళ్ల ద్వారా ఒక సవర గిరిజన కుటుంబంతో మాట్లాడుకుని, ఫారెస్టువాళ్లను అడిగి వెళ్లండి. వాళ్లకు రోజు కూలి కంటే ఎక్కువే ఇవ్వండి, పోయేది గురువు దగ్గరకే కదా. ఏ దుంప ఎన్నిసార్లు ఉడికించి నీళ్లు పారబోయాలో వాళ్లకు తెలుసు. వీడియో చూసి మాత్రం ఏదీ నోట్లో పెట్టకండి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం వద్దు, కదలకుండా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలని కూడా పిల్లలకు చెప్పండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'ఆపద మిత్ర' కింద వాలంటీర్లకు డబ్బు తీసుకోకుండా 12 రోజుల శిక్షణ ఇచ్చింది. మళ్లీ బ్యాచ్ ఉందేమో కలెక్టరేట్‌లో కనుక్కోండి.

సామాన్లకు 45 వేలు అక్కర్లేదు. తలకు కట్టుకునే టార్చి, పవర్ బ్యాంకు, మంచి టార్పాలిన్, నైలాన్ తాడు, 20 లీటర్ల క్యాన్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా: ఆరేడు వేలలో అయిపోతుంది. ఖరీదైన కత్తి వద్దు, మీ నాన్నగారి కొబ్బరికత్తి దాని తాత.

స్వయంసమృద్ధి అంటే ముందు బియ్యం గుర్తొస్తాయి. నలుగురికి నెలకు 30 కిలోలు అనుకుంటే ఏడాదికి 360. దానికి ఏడు బస్తాల ధాన్యం చాలు. కానీ మీది ఇసుక నేల, వరి ఆలోచన మానేయండి. కొత్త కొబ్బరి కాపుకొచ్చేదాకా మధ్యలో మునగ, అరటి, కంది వేసి, నాలుగు నాటుకోళ్లు పెంచండి. కూరగాయల ఖర్చు కాస్త తగ్గుతుంది, అంతకు మించి ఆశపడకండి.

మీరు రాయనిది ఒకటుంది: టర్మ్ పాలసీ, అంటే సంపాదించే మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే బీమా. లేకపోతే కనీసం 70 లక్షలకు వెంటనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా లేదు. ఊళ్లో ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ అడగండి, తుఫాను నష్టం అందులో వస్తుంది. దాని ఏడాది ప్రీమియం మీ క్యాంపులో ఒక్క రోజు ఖర్చు కూడా కాదు.

మార్చిలో ఎఫ్‌డీ రెన్యువల్ చేసేటప్పుడు మొత్తం ఒకే రసీదుగా వద్దు. 50 వేలవి నాలుగు, 20 వేలది ఒకటి వేయించండి. అవసరానికి ఒకటి తీసినా మిగతా వాటి వడ్డీ తగ్గదు.