వేసవి మధ్యాహ్నాల్లో వంటింట్లో నిలబడకుండా డ్రింక్స్, స్నాక్స్ ఎలా?

మీరు అడిగింది మధ్యాహ్నం పూట స్టవ్ దగ్గర చెమటలు కక్కకుండా పిల్లలకు తాగడానికి, తినడానికి ఏం ఇవ్వొచ్చని. మా ఇంట్లో ప్రతి వేసవిలోనూ నడిచే పద్ధతి చెప్తాను. ఎండలో ఆడుకుని వచ్చిన పిల్లలు అయిదు నిమిషాలు కూడా ఆగరు. అప్పుడు మొదలుపెడితే మనకూ విసుగొచ్చి, చివరికి కొన్న కూల్‌డ్రింక్ సీసానే తెరుస్తాం. అందుకే అసలు పనంతా ముందు రోజు రాత్రి, వంటిల్లు చల్లబడ్డాక చేసి పెట్టుకోవాలి.

అన్నిటికంటే ఉపయోగపడేది పంచదార నీళ్ల సీసా. కప్పు పంచదారకు కప్పు నీళ్లు పోసి వేడి చేయండి. తీగ పాకం అక్కర్లేదు, పంచదార కరిగితే చాలు. పూర్తిగా చల్లారాక శుభ్రమైన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఢోకా ఉండదు. చల్లటి నీళ్లలో పంచదార ఒక పట్టాన కరగదు. అడుగున పేరుకుని ఉంటే, తీపి చాల్లేదనుకుని ఇంకో చెంచా వేసేస్తాం. ఈ సీసా ఉంటే పంచదార వాడకమే తగ్గుతుంది.

గ్లాసు నీళ్లలో దీన్ని రెండు చెంచాలు వేసి, అర చెక్క నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు కలపండి. ఆ ఉప్పు మానొద్దు, అది పడితే ఉన్న తీపే బాగా తెలుస్తుంది. నిమ్మరసం మాత్రం వేడి మీద పిండకండి, తాజా వాసన పోతుంది. గింజలు కూడా వెంటనే తీసేయాలి, నానితే చేదు దిగుతుంది. పుదీనా ఇష్టమైతే ఆకులు చేత్తో నలిపి వేయండి చాలు, మిక్సీలో మెత్తగా తిప్పితే ఆ రుచి రాదు.

పుచ్చకాయలో దాదాపు 92 శాతం నీళ్లే ఉంటాయి కాబట్టి జ్యూస్‌కు వేరే నీళ్లు పోయొద్దు. గింజలు తీసి మిక్సీలో రెండు తిప్పులు తిప్పితే చాలు. మిగిలిన జ్యూస్ ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి. మామూలు ఐస్ కరిగేకొద్దీ డ్రింక్ పలచబడుతుంది, ఈ ముక్కలు వేస్తే చివరి గుక్క దాకా రుచి ఉంటుంది.

ఇక పిల్లలు ఐస్‌క్రీమ్ అని మారాం చేసినప్పుడు నేను ఎక్కువగా నమ్ముకునేది అరటిపండు. తొక్క మీద మచ్చలు పడేంతగా మగ్గిన పండ్లను చక్రాల్లా కోసి, ఒకదానికొకటి అంటుకోకుండా పళ్లెంలో పరిచి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాలి. మర్నాడు మిక్సీలో వేస్తే మొదట రవ్వలా పొడిపొడిగా అవుతుంది. చాలామంది అక్కడ కంగారుపడి పాలు పోసేస్తారు, దాంతో అది మిల్క్‌షేక్ అయిపోతుంది. ఆపి, గరిటెతో అంచులు కిందకు తోసి మళ్లీ తిప్పండి. కాసేపటికి ఒక్కసారిగా ముద్దకట్టి నున్నగా వస్తుంది. పంచదార అవసరమే ఉండదు. చల్లదనానికి నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి పండు బాగా మగ్గి ఉండటం ముఖ్యం.

ఆకలిగా ఉంటే రాత్రి నానబెట్టిన శనగలు పొద్దున్నే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. తినేముందు ఉల్లిపాయ, టమాటా ముక్కలు, నిమ్మరసం కలపడమే. కీరా ముక్కలకైతే ఉప్పు ఆఖరున చల్లండి, ముందే వేస్తే నీరు కారి మెత్తబడతాయి. వేయించిన వేరుశనగలు ఒక డబ్బాలో ఎప్పుడూ ఉంటే మంచిది.

రెండు జాగ్రత్తలు. కోసిన పండ్లు రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు, ఎండ మండిపోతుంటే గంటే. గడ్డకట్టించిన ద్రాక్ష పిల్లలకు చాలా ఇష్టం కానీ, అయిదేళ్లలోపు వాళ్లకు పండు పండుగా ఇస్తే గొంతులో అడ్డుపడొచ్చు. వాళ్ల కోసం ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసి, గడ్డకట్టించకుండా ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇవ్వండి.