ట్రక్కు చక్రాలు, వెనక లైట్ల గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మిర్చి కోతలు మొదలయ్యేలోగా ట్రాక్టరు వెనక తగిలించే పాత ట్రక్కు ఒకటి కొన్నావని మీ అమ్మ చెప్పినప్పుడు సంతోషించాను. అయితే దానిమీద బస్తాలు వేసుకొని రాత్రిపూట గుంటూరు యార్డుకు వెళ్లబోతున్నావని విన్నాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ట్రాక్టరుకు ఏదైనా తేడా వస్తే ఇంజను శబ్దంలోనో స్టీరింగులోనో నీకు తెలిసిపోతుంది గానీ, వెనక ట్రక్కులో చక్రం వేడెక్కినా, లైటు ఆరిపోయినా సీట్లో కూర్చున్న నీకు తెలిసే దారి లేదు. అందుకే దాన్ని బయలుదేరే ముందు నువ్వే దిగి చూసుకోవాలి.

ముందుగా బేరింగుల సంగతి, అంటే చక్రం ఇరుసుమీద తేలిగ్గా తిరగడానికి లోపల ఉండే రోలర్ల చుట్ల సంగతి. ఖాళీ ట్రక్కును చదునైన నేలమీద ట్రాక్టరుకు తగిలించే ఉంచి, మిగిలిన చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, ఇరుసు కింద జాకీ వేసి ఒక్కో చక్రాన్నీ లేపు. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే కదలిక ఉన్నా, తిప్పినప్పుడు గరగరమన్నా హబ్బు, అంటే బేరింగులుండే చక్రం నడిమి భాగం, విప్పాల్సిందే. పాత ట్రక్కు కాబట్టి ఈసారికి అన్నీ విప్పు. బేరింగులను కిరోసిన్‌లో కడిగి, పూర్తిగా ఆరాక రోలర్లను వెలుతురులో చూడు. నీలంగా మాడినా, గుంటలు పడినా మార్చెయ్యి. గ్రీజును అరచేతిలో వేసుకొని, బేరింగు అంచుతో నొక్కుతూ, రోలర్ల మధ్య నుంచి అవతలి వైపుకు వచ్చేదాకా ఎక్కించాలి. పైపైన పూస్తే లోపలికి చేరదు.

ఇరుసు కొసన హబ్బును పట్టి ఉంచే నట్టు బిగింపులోనే నేను ఒకప్పుడు పొరబడ్డాను. ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదనుకొని మొత్తం బిగించి, నరసరావుపేట దాటాక హబ్బు నుంచి పొగ వస్తుంటే, వెనక వచ్చిన లారీ డ్రైవరు కేకలు వేసి చెప్పేదాకా నాకు తెలియలేదు. చక్రాన్ని తిప్పుతూ నట్టు బిగించి, తిరగడం బరువెక్కగానే ఆపి, పిన్ను రంధ్రం కలిసేంత వెనక్కి వదలాలి. ఆ రంధ్రంలో దూర్చి నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను మాత్రం ప్రతిసారీ కొత్తదే వెయ్యి.

చక్రాన్ని హబ్బుకు బిగించే వీల్ నట్లను ఒకదాని తర్వాత దాని ఎదుటిదాన్ని బిగించు. చక్రం విప్పి బిగించాక 50 కిలోమీటర్లు తిరిగిన తర్వాత మళ్లీ ఒకసారి స్పానరు వెయ్యి. నట్టు చుట్టూ తుప్పు చారలు కనిపిస్తే అది వదులైందని అనుమానించు. టైర్లు చల్లగా ఉన్నప్పుడే వాటిలో గాలి చూడాలి. పక్క గోడ పగిలిన టైరును లోడుకు వాడవద్దు.

లైట్లలో సగం గొడవలు ఎర్తు తీగ, అంటే లైటును ట్రక్కు ఇనుముకు కలిపే తీగ, దగ్గరే వస్తాయి. ఇండికేటరు వేసినప్పుడు దానితోపాటు వెనక లైటు కూడా మిణుకుమిణుకుమంటే బల్బులు మార్చడం మాని, ఎర్తు తీగ బిగించిన చోట రంగునూ తుప్పునూ ఎమెరీ కాగితంతో గీకి, మెరిసే ఇనుముమీద మళ్లీ బిగించు. ట్రాక్టరు నుంచి వచ్చే ప్లగ్గును విప్పాక మట్టిలో వేలాడనివ్వకుండా పైకి కట్టు. అన్నిటికన్నా నాకు భయమైనది బస్తాలపై కప్పే పట్టా. దాని కొస వెనక లైట్ల మీదికి జారితే, లైటు వెలుగుతూనే ఉన్నా వెనక బైకు మీద వచ్చే మనిషికి ఏమీ కనిపించదు. కాబట్టి పట్టా కట్టాక ఒకరిని వెనక నిలబెట్టి, బ్రేకూ, రెండు ఇండికేటర్లూ వేసి చూపించు. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు మెరుపు టేపులను తుడిచి ఉంచు.

దారిలో టీకి ఆగినప్పుడల్లా ముంజేతి వెనక వైపును ఒక్కో హబ్బుకు దగ్గరగా పెట్టి చూడు; మిగతావాటికన్నా ఒకటి వేడిగా ఉంటే అక్కడే ఆగిపో, మరో మైలు కూడా పోవద్దు. వచ్చే ఆదివారం నేనే వస్తాను. అన్ని చక్రాలకూ సరిపడా, హబ్బులోంచి గ్రీజు కారకుండా ఆపే ఆయిల్ సీళ్లు, స్ప్లిట్ పిన్నులు, ఒక డబ్బా బేరింగు గ్రీజు తెచ్చి ఉంచు.

ఇట్లు,
నీ మామయ్య