పాత ఎంజీబీ వెనుక నుంచి ‘ఠక్’ చప్పుడు వస్తోంది, డిఫరెన్షియల్ మార్చాల్సిందేనా?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టు చెబుతాను. ఇంగ్లండులో 1972 నాటి ఎంజీబీ జీటీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీలో గట్టి పైకప్పు ఉన్న రకం) కొన్నారు. క్లచ్ వదిలినప్పుడు, యాక్సిలరేటర్ మీద కాలు తీసి మళ్లీ వేసినప్పుడు వెనుక నుంచి ‘ఠక్’ మంటోంది. గ్యారేజీవారు చక్రం తిప్పి చూసి డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు వెనుక చక్రాలకూ పంచే గేర్ల అమరిక) పోయిందన్నారు, యాక్సిల్ (వెనుక ఇరుసు) మొత్తం మార్చాలంటూ పెద్ద మొత్తమే చెప్పారు. నిజమేనా, ఇంట్లో మనమే చేసుకోగలమా అని అడిగారు.

నా దగ్గరా ఇదే మోడల్ ఉంది, అందులోనూ ఇదే చప్పుడు వచ్చింది. ఆ అనుభవంతో చెబుతున్నాను: యాక్సిల్ మార్చడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. ఈ కార్లలో ఆ చప్పుడుకు చాలాసార్లు కారణం డిఫరెన్షియల్ లోపల అరిగిపోయే పల్చటి వాషర్లు. వాటి ఖరీదు కొన్ని పౌండ్లే. అయితే డిఫరెన్షియల్ మూత విప్పే ముందు బయట చూడవలసినవి ఉన్నాయి. గ్యారేజీవాళ్లు తరచూ ఎగ్గొట్టేది ఆ భాగాన్నే.

ముందుగా చప్పుడు స్వభావం గమనించండి. ‘ఠక్’ అంటే ఎక్కడో వదులు ఉందని అర్థం. ఒక వేగం దగ్గర సన్నగా ‘కూ’ మని కూస్తే అది క్రౌన్ వీల్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్లు కలిసే తీరుకు సంబంధించిన సంగతి. ఎడతెగని గురగుర అయితే బేరింగును అనుమానించాలి. మలుపులో గురగుర మారితే చక్రం బేరింగు వైపు చూడండి. మీరు రాసింది మొదటి రకం కాబట్టి పళ్ల సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. చిన్న కూత ఉన్నా కంగారు పడకండి. కూసుకుంటూనే ఏళ్ల తరబడి తిరిగే ఎంజీబీలు చాలా ఉన్నాయి.

ఇక కారు కిందికి వెళ్లండి. ముందు చక్రాలకు అటూ ఇటూ అడ్డుకట్టలు పెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కింద దూరవద్దు, యాక్సిల్ స్టాండ్లు తప్పనిసరి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, గేర్‌బాక్సు నుంచి వెనుక యాక్సిల్‌కు శక్తిని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పండి. రెండో చేతి వేళ్లను దాని వెనుక కొసన ఉన్న క్రాస్ జాయింట్ (అటూ ఇటూ వంగే కీలు) మీద, సగం షాఫ్ట్ వైపు, సగం పినియన్ ఫ్లాంజి (పినియన్‌కు బిగించిన బిళ్ల) వైపు ఆనేలా ఉంచండి. షాఫ్ట్ ముందు కదిలి ఫ్లాంజి తరువాత కదిలితే దోషం క్రాస్‌లో ఉంది. రెండూ కలిసే కదులుతూ చక్రాలు మాత్రం కదలకపోతే వదులు లోపల ఉన్నట్టు. ఫ్లాంజి మీద, దాని ఎదురుగా ఉన్న హౌసింగ్ మీద సుద్దతో ఒక గీత గీస్తే ఎంత తిరుగుతోందో కంటికే తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిఫరెన్షియల్‌లోనూ కొంత ఆట, అంటే వదులు, ఉంటుంది, అది సున్నా కావాలని పట్టుబట్టకండి. ఆ ఫ్లాంజికి ఉన్న నాలుగు బోల్టులు వదులయ్యాయేమో కూడా అప్పుడే చూసేయండి.

తరువాత కమాన్ కట్టలు, అంటే యాక్సిల్‌ను పట్టి ఉంచే ఉక్కు పట్టీల స్ప్రింగులు. యాక్సిల్‌ను వాటికి కట్టిపెట్టే యు-బోల్టులు వదులైనా, మధ్యలోని రబ్బరు ప్యాడ్లు నలిగిపోయినా అచ్చం ఇదే చప్పుడు వస్తుంది.

మీ కారుకు తీగ చక్రాలు, అంటే స్పోకుల చక్రాలు ఉంటే ఇంకో పరీక్ష ఉంది. ఒకరిని లోపల కూర్చోబెట్టి ఫుట్ బ్రేకు గట్టిగా తొక్కించండి. గాలిలో ఉన్న చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ముందుకూ వెనక్కూ తిప్పి చూడండి. హబ్ (చక్రం కూర్చునే మధ్య భాగం) కదలకుండా చక్రం మాత్రం ‘టిక్ టిక్’ మంటే స్ప్లైన్లు (చక్రాన్ని హబ్‌తో కలిపి తిప్పే పళ్లు) అరిగిపోయాయి. విప్పి చూస్తే పళ్ల కొసలు రంపం పళ్లలా సన్నగా మొనదేలి ఉంటాయి. అలాంటప్పుడు ఎంత మంచి యాక్సిల్ వేసినా చప్పుడు పోదు. నా కారుకు మామూలు ఇనుప చక్రాలే కాబట్టి నాకు ఈ బెడద లేదు.

ఇవన్నీ సరిగా ఉంటేనే లోపలికి వెళ్లాలి. ఎంజీబీలో రెండు రకాల వెనుక యాక్సిళ్లు వచ్చాయి. 1962లో మొదలైన రోడ్‌స్టర్లలో (పైకప్పు తెరుచుకునే ఎంజీబీలలో) బాంజో రకం ఉండేది. దానికి వెనుక విప్పే మూత ఉండదు, డిఫరెన్షియల్‌ను ముందు వైపు నుంచి బయటకు తీయాలి. 1965లో జీటీ వచ్చినప్పుడు గొట్టాల రకం, అంటే సాల్స్‌బరీ రకం యాక్సిల్ వచ్చింది. 1967 నుంచి రోడ్‌స్టర్లకూ అదే వేశారు. మీది జీటీ కాబట్టి వెనుక బోల్టులతో బిగించిన మూత కనిపిస్తుంది. ఆ మూత మనకు వరం, ఎందుకంటే వాషర్లు మార్చడానికి యాక్సిల్‌ను కారు నుంచి దించక్కరలేదు.

ఆయిల్ వదిలే ముందు నింపే ప్లగ్గు ఊడి వస్తుందో లేదో చూసుకోండి. అది బిగుసుకుపోయి ఉంటే, కింద ఖాళీ చేసిన తరువాత కారు అక్కడే కూర్చుంటుంది. ఆయిల్‌ను తెల్లటి గిన్నెలోకి పట్టి ఎండలో చూడండి. రాగి రంగు మెరుపు ఉంటే వాషర్లు అరిగాయన్నమాట. గోధుమ రంగు పొలుసులు తేలితే ఫైబర్ వాషరు చిట్లింది. చేతికి గుచ్చుకునే ఉక్కు ముక్కలు దొరికితే మాత్రం పని అక్కడే ఆపి నిపుణుడి దగ్గరికి పంపండి. నా కారు ఆయిల్‌లో రాగి పొడి బంగారు రంగు వేసినట్టు మెరిసింది. చూడటానికి అందంగానే ఉంది, దాని అర్థం మాత్రం అందమైనది కాదు.

అసలు పని ఇరుసు షాఫ్టులు, అంటే డిఫరెన్షియల్ నుంచి చక్రాలకు వెళ్లే కడ్డీలు, లాగడంలో ఉంది. చక్రం, డ్రమ్ము తీశాక హబ్ మధ్యలోని పెద్ద నట్టు విప్పాలి. దాని బిగింపు 150 పౌండ్-అడుగులు, అంటే దాదాపు 200 న్యూటన్-మీటర్లు. అందుకే చక్రం నేల మీద ఉండగానే దాన్ని కాస్త వదులు చేసుకోవడం తెలివైన పని. తరువాత హబ్, బ్రేకు పైపు, హ్యాండ్ బ్రేకు తీగ, బ్యాక్ ప్లేటు (బ్రేకు భాగాలను మోసే పళ్లెం) విప్పితే షాఫ్టు బేరింగుతో సహా బయటకు వస్తుంది. సాధారణంగా స్లైడ్ హామరు (కడ్డీ మీద జారే బరువుతో కొట్టి లాగే పరికరం) కావాలి. ఆయిల్ సీళ్లు ఎలాగూ బయటపడతాయి కాబట్టి కొత్తవి వేసేయండి.

ఇప్పుడు మూత విప్పి లోపల చూడండి. క్రౌన్ వీల్‌ను పట్టుకున్న గూడు మధ్యలో ఒక అడ్డ పిన్ను ఉంటుంది. దాని మీద రెండు చిన్న స్పైడర్ గేర్లు, వాటికి అటూ ఇటూ రెండు సైడ్ గేర్లు. అడ్డ పిన్ను జారిపోకుండా ఆపే చిన్న రోల్ పిన్నును సన్నటి పంచ్‌తో కొట్టి తీస్తే అడ్డ పిన్ను బయటకు వస్తుంది. స్పైడర్ గేర్లను తొంభై డిగ్రీలు తిప్పితే గూడు కిటికీ దగ్గరికి వచ్చి చేతిలో పడతాయి. వాటి వెనుక గిన్నె ఆకారంలో రాగి వాషర్లు, సైడ్ గేర్ల వెనుక బల్లపరుపు ఫైబర్ వాషర్లు ఉంటాయి. నా కారులోని రాగి గిన్నెలు అంచు దగ్గర కాగితంలా పల్చబడ్డాయి. ఒక ఫైబర్ వాషరు ముక్కలుగా చేతికొచ్చింది. అడ్డ పిన్ను మీద గేరు తిరిగే చోట గోరు పెట్టి లాగి చూడండి. గోరుకు మెట్టు తగిలితే పిన్ను కూడా మార్చాలి.

తిరిగి కూర్చేటప్పుడు వాషర్లకు కొంచెం గ్రీజు రాసి గేర్లకు అంటించండి, జారిపోవు. రెండు స్పైడర్ గేర్లనూ ఎదురెదురుగా పెట్టి ఒకేసారి తిప్పుతూ లోపలికి పంపాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా అడ్డ పిన్ను రంధ్రంలోకి వెళ్లదు. అప్పుడు సుత్తితో బలవంతం చేయకండి, బయటకు తీసి మళ్లీ పెట్టండి. ఇక్కడ కావలసింది బలం కాదు, ఓపిక. పాత రోల్ పిన్ను మళ్లీ వాడకండి.

చేయి పెట్టకూడనివి కూడా చెప్పాలి. క్రౌన్ వీల్, పినియన్ జతగా తయారవుతాయి. ఒకదాన్ని మాత్రమే మార్చడం కుదరదు. పినియన్ లోతును షిమ్ములతో (పల్చటి రేకు బిళ్లలతో) కొలిచి సరిచేయడానికి ప్రత్యేక పరికరాలు కావాలి. పినియన్ నట్టు కింద బిగింపుకు నలిగే గొట్టం ఒకటి ఉంటుంది. ముందు సీలు కారుతోందని ఆ నట్టును విప్పి ఇష్టం వచ్చినట్టు బిగిస్తే ఆ గొట్టం మరింత నలిగి బేరింగుల మీద ఒత్తిడి పెరుగుతుంది. సీలు మార్చక తప్పకపోతే నట్టు, పినియన్ షాఫ్టు, ఫ్లాంజి మూడింటి మీదా గుర్తు పెట్టుకుని సరిగ్గా అదే చోటికి తీసుకురావాలి. అంతకంటే ముందు యాక్సిల్ గొట్టం మీదున్న చిన్న గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయిందేమో చూడండి. లోపలి గాలి వేడెక్కి బయటకు పోయే దారి లేక సీళ్ల మీదుగా ఆయిల్‌ను తోసేస్తుంది, అది చివరకు బ్రేకు షూల మీదికి చేరుతుంది.

మూతకు కొత్త కాగితపు గ్యాస్కెట్ వేసి, అంచులు వంగి ఉంటే చదును చేసి బిగించండి. ఈ రకం యాక్సిల్‌కు ఆయిల్ 0.85 లీటరే, హైపాయిడ్ గేర్లకు (ఇందులోని క్రౌన్ వీల్, పినియన్ ఆ రకానివే) పనికొచ్చే ఈపీ 90 అనే గేరు ఆయిల్. ఈ కారు గేర్‌బాక్సులో ఇంజిన్ ఆయిలే పోస్తారు కాబట్టి రెండు డబ్బాలనూ పక్కపక్కన పెట్టుకుని పొరబడకండి. కారు చదునైన నేల మీద ఉండగా నింపే రంధ్రం నుంచి కారడం మొదలవగానే ఆపేయాలి. బ్రేకు పైపులు విప్పారు కాబట్టి బ్రేకుల్లోని గాలి తీయకుండా రోడ్డెక్కవద్దు. కొంత దూరం నడిపాక హబ్ నట్లు, యు-బోల్టులు మరోసారి చూసుకోండి.

ఈ పని తరువాత నా కారులో చప్పుడు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. క్లచ్‌ను దురుసుగా వదిలితే ఇప్పటికీ చిన్నగా వినిపిస్తుంది. ఆ వయసు కారులో అంతకుమించి ఆశించడం అత్యాశే. ఇవన్నీ చేశాక కూడా మీకు మునుపటిలాగే గట్టిగా ‘ఠక్’ మంటే సుద్ద గీతల ఫోటో, గిన్నెలోని ఆయిల్ ఫోటో ఇక్కడ పెట్టండి. యాక్సిల్ మార్చాలా వద్దా అన్నది అప్పుడు చూద్దాం.