రేవు దొరకని రోజుకి సిద్ధపడి వెళ్ళండి

"యుద్ధాలు, కొత్త జబ్బులు అని రోజూ వార్తలు వస్తున్నాయి. ఇలాంటప్పుడు వయసు మళ్ళిన మొగుడూ పెళ్ళాం సింగపూర్ నుంచి మలేషియాలోని పినాంగ్, థాయిలాండ్‌లోని పుకెట్ చూపించే ఓడ క్రూజ్‌కి వెళ్ళొచ్చా?" అని అడిగారు.

వెళ్ళండి. ఊళ్ళన్నీ చూపిస్తారన్న నమ్మకం మాత్రం పెట్టుకోకండి. 2020 మార్చిలో మా ఇద్దరికీ జరిగింది చూసి చెప్తున్నా ఈ మాట.

మాది నెల్లూరు జిల్లా, మైపాడు పక్కన పల్లె. వనామి రొయ్యల చెరువులు మావి. ఆ ఏడాది మొదట్లోనే చైనాకి సరుకు వెళ్ళడం తగ్గి రేటు పడిపోయింది. క్రూజ్ డబ్బులేమో అంతకుముందు దీపావళికే కట్టేశాం, పెళ్ళై ముప్పై ఏళ్ళయిందని. ఫిబ్రవరి వచ్చేసరికి టీవీ నిండా ఓడలే. యొకోహామాలో డైమండ్ ప్రిన్సెస్‌ని నిలిపేస్తే అందులో ఉన్న 3,711 మందిలో ఏడొందల మందికి పైగా కరోనా అంటుకుంది. వెస్టర్‌డామ్ అనే ఇంకో ఓడని జపాన్, తైవాన్, ఫిలిప్పీన్స్, గువామ్, థాయిలాండ్ అందరూ వద్దన్నారు. చివరికి ఫిబ్రవరి 13న కంబోడియాలో సిహనూక్‌విల్ రేవు రానిచ్చింది.

మా పెద్దోడు ఫోన్ చేసి "డబ్బు పోతే పోయింది నాన్నా, మానుకోండి" అన్నాడు. టికెట్లిచ్చిన ఏజెంటు మాత్రం "మన రూటు వేరు సార్, పుకెట్ గ్యారంటీ" అన్నాడు. ఆ గ్యారంటీ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. రేవు మార్చడానికైనా, మానేయడానికైనా ఓడవాళ్ళకి హక్కుందని టికెట్ షరతుల్లో సన్నటి అక్షరాల్లో రాసే ఉంటుంది. చూడని ఊరికి మాకు తిరిగొచ్చింది ఆ రేవు పన్ను ఒక్కటే. రోజూ టికెట్లమ్మేవాడికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా?

పుకెట్ చేరిన రోజు పొద్దున్నే మా ఆవిడ తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్న కొత్త చెప్పులేసుకుని ఏడింటికల్లా డెక్ మీదకి వచ్చేసింది. చేతిసంచిలో నీళ్ళ సీసా, గొడుగు. ఎదురుగా పచ్చటి కొండలు, కింద తెల్లగా ఇళ్ళు. ఓడ లంగరేసి ఉంది. ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఒడ్డుకి తీసుకెళ్ళే చిన్న పడవలు కదల్లేదు. పది దాటాక మైకులో కెప్టెన్ మాట్లాడాడు. ఇటలీ ప్రయాణికులు ఉన్నందువల్ల దిగనివ్వడం లేదని నాకు అర్థమైంది. ఆమెకి ఇంగ్లీషు రాదు.

"ఏమంటున్నాడు?" అంది.

టెన్షన్ పడుతుందని, "అలలు ఎక్కువగా ఉన్నాయంట, పడవలు దించలేరంట" అన్నా.

ఆమె రెయిలింగు పట్టుకుని కిందికి చూసింది. నీళ్ళు చెరువులాగా ఉన్నాయి. "అలలు యాడున్నాయి? నేను మైపాడులో పుట్టినదాన్ని. సముద్రం గురించి నాకు అబద్ధం చెప్తావా?" అంది. ముప్పై ఏళ్ళలో అంత కోపంగా నన్ను చూడడం అదే మొదలు. ఉన్న సంగతి చెప్పేశా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత వంగి చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుంది.

"కృష్ణపట్నం దగ్గర రాత్రిళ్ళు ఓడలు లైట్లేసుకుని ఆడాడ నిలబడి ఉంటాయే, వాటిల్లో మనుషులు ఏం చేస్తా ఉంటారా అనుకునేదాన్ని" అంది.

మర్నాడు పినాంగ్ కూడా వద్దంది. వాళ్ళని నేను తప్పుపట్టను. నెలాఖరుకి మా ఊళ్ళోనే దారికి అడ్డంగా ముళ్ళకంపలేసి పొరుగూరివాళ్ళని రానివ్వలేదు. ఎవరి భయం వాళ్ళది. ఓడలో ఉన్నవాడికి ముందే ఎవరూ చెప్పకపోవడమే తప్పు.

ఇంకోటి చెప్పాలి. మా గది సర్దే కుర్రాడు గోవా అబ్బాయి, ఇల్లు చూసి ఏడు నెలలైందన్నాడు. మా ఆవిడకి హిందీ రాదు, అతనికి తెలుగు రాదు. అయినా ఇంటి నుంచి తెచ్చుకున్న నెల్లూరు మలైకాజాలు రోజూ రెండు అతని చేతిలో పెట్టేది. మేం సింగపూర్‌లో దిగిపోయాం, జ్వరం చూసి పంపేశారు. ఓడలు ఆగిపోయాక అలాంటి పిల్లలు వేల మంది నెలల తరబడి ఓడల్లోనే ఉండిపోయారు. టీవీలో ప్రయాణికుల గురించే గానీ, ఈ పనివాళ్ళ గురించి ఎంతమంది మాట్లాడారు? మీరు వెళ్తే వాళ్ళ చేతిలో నాలుగు డాలర్లు ఎక్కువే పెట్టండి.

మేం దిగిన కొద్ది రోజులకే, మార్చి 13 నుంచి, సింగపూర్ కూడా క్రూజ్ ఓడలకి తలుపులేసింది. ఆంధ్రలో మొదటి కేసు మార్చి 12న మా నెల్లూరులోనే, ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడికి తేలింది. మేం ఇంట్లోనే పద్నాలుగు రోజులు ఉన్నాం. గుమ్మం ముందు పాలు పెట్టి పక్కింటివాళ్ళు దూరం నుంచి కేకేసేవాళ్ళు.

మీ విషయానికొస్తే, సింగపూర్‌లో ఎక్కి మళ్ళీ అక్కడే దిగుతారు కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీది తీసుకోండి. ఓడ సముద్రంలోకి వెళ్ళొస్తే అది రెండోసారి ప్రవేశం కిందికి వస్తుంది. బీపీ, షుగర్ మాత్రలు ప్రయాణం రోజులకి కాకుండా ఇంకో పదిహేను రోజులకి సరిపడా చేతిసంచిలోనే పెట్టుకోండి. నేను లెక్కపెట్టుకుని ఏడే తీసుకెళ్ళాను, చివర రెండు రోజులు ఓడ డాక్టరు దగ్గర డాలర్లలో కట్టాల్సొచ్చింది. కొన్ని ఓడల్లో ఎక్కేటప్పుడు పాస్‌పోర్టు తీసేసుకుని కార్డు ఇస్తారు, జిరాక్స్ దగ్గరుంచుకోండి. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు ఓడ రేవులో ఆగకపోతే డబ్బిస్తారా అని రాతపూర్వకంగా అడగండి. పప్పుల పొడి, పచ్చడి తప్పనిసరి. ఓడలో పెట్టే రొయ్యలు మా చెరువుల్లోవి లాంటివే, ఉప్పూ కారం లేకుండా ఉడకేసి ఐసు మీద పెడతారు. రొయ్య పండించేవాడిగా ఆ వంట చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనిపించింది.

జబ్బో, యుద్ధమో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. అన్నీ సర్దుకున్నాక వెళ్దామనుకుంటే మోకాళ్ళు ఆగవు. మా ఆవిడకి ఇప్పుడు యాభై ఏడు, మెట్లెక్కితే ఆయాసం. ఆ చెప్పులు మళ్ళీ వేసుకోలేదు, బీరువాలో కవరు చుట్టి పెట్టింది. ఈసారి చెరువుల్లో రొయ్యల పట్టుబడి అయ్యి డబ్బులు చేతికొచ్చాక పుకెట్‌కి మళ్ళీ అడగమంటోంది. ఏజెంటుని మాత్రం మార్చమంది.